తొబిసే కేబిన్‌లో వెదురు తెర

మా తొబిసే స్టేషన్‌లో రోజుకి ఆరు రైళ్ళు ఆగుతాయి. దిగేవాళ్ళు తక్కువ, ఎక్కేవాళ్ళు ఇంకా తక్కువ. ఏడాదికి ఒక్కరోజు మాత్రం ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టే చోటుండదు. ఆ రోజు కొండ మీది దేవుడు పల్లకీ ఎక్కి ఊళ్ళోకి దిగుతాడు, మధ్యాహ్నం దాటాక తిరిగి గుడికి వెళ్ళిపోతాడు. ఆ గుడి దారికి అడ్డంగా మా పట్టాలున్నాయి. నిజానికి దారి ముందు, పట్టాలు తర్వాత. దేవుడు నాలుగు వందల ఏళ్ళుగా నడిచే దారిని మా తాతల కాలంలో రైలువాళ్ళు అడ్డంగా కోశారు. ఆ కోసిన చోట ఒక గేటు ఉంది. ఆ గేటు మనిషిని నేను.

నా పేరు తమెనో. యుద్ధానికి మగవాళ్ళంతా పోయినప్పుడు ఈ పని నా చేతికొచ్చింది. తిరిగొచ్చినవాళ్ళలో ఎవడికీ మంచులో నిలబడి జెండా ఊపే సరదా లేకపోయింది కాబట్టి నా దగ్గరే ఉండిపోయింది. పన్నెండేళ్ళలో నా గేటు దగ్గర కోడిపిల్ల కూడా చావలేదని ఊరంతా గొప్పలు చెప్పుకునేదాన్ని. ఆ గొప్పలు చెప్పుకున్న నోటితోనే ఇది కూడా చెప్పాలి.

పల్లకీలో ఉన్న దేవుణ్ణి పైనుంచి చూడకూడదు. ఇది మా దగ్గర చంటిపిల్లలకి కూడా తెలుసు. పల్లకీ వస్తోందంటే మేడలవాళ్ళు కిటికీలు మూసేస్తారు. చెట్టెక్కిన పిల్లల్ని కాళ్ళు పట్టి కిందికి లాగుతారు. పట్టాల మీది నడక వంతెనకి రెండు వైపులా గడ్డితాడు కట్టేస్తారు. స్టేషన్ మొత్తంలో ఎత్తయినది సిగ్నల్ కేబిన్, పదహారు మెట్లు. అందులో గొన్రోకు బాబాయ్ ముప్పై ఏళ్ళుగా లివర్లు లాగుతున్నాడు. నాకు వరసకి ఏమీ కాడు, ఊరి వరస అంతే. పండగ రోజు ఆయన కేబిన్ కిటికీకి వెదురు తెర దించేస్తాడు. తెర దించితే ఆయనకి గేటు కనపడదు. అందుకని నా గుడిసె నుంచి కేబిన్ దాకా ఒక తీగ, దాని చివర ఒక గంట. దేవుడు పట్టాలు దాటాక నేను తీగ ఒక్కసారి లాగుతాను. ఆయన లివరు లాగుతాడు. సొరంగం దగ్గర సిగ్నల్ రెక్క కిందికి వాలుతుంది, రైలు లోపలికి వస్తుంది.

గంట కొట్టాక కూడా ఆయన వెంటనే లాగేవాడు కాదు. ఒక నిమిషం, ఒక్కోసారి రెండు నిమిషాలు.

"బాబాయ్, నీ చెయ్యి లివరు దాకా పోయేలోపు నా జుట్టు నెరిసిపోతోంది," అనేదాన్ని.

"నెరిస్తే నెరవనీవే అమ్మాయ్. తలకాయంటూ ఉంటేగా నెరిసేది," అనేవాడు.

ముసలాయన నిదానం అనుకుని నవ్వుకునేదాన్ని.

మా పనిలో ఒక పద్ధతుంది. ఏదైనా సరిగ్గా ఉందంటే చాలదు. దాన్ని కంటితో చూడాలి, వేలితో చూపించాలి, నోటితో పైకి చెప్పాలి. "గేటు మూసింది!" "దారి ఖాళీ!" ఎవరూ లేకపోయినా గట్టిగా అరవాలి. కొత్తలో సిగ్గుగా ఉంటుంది. పన్నెండేళ్ళయ్యాక సిగ్గూ పోతుంది, శ్రద్ధా పోతుంది.

నేను చెప్పే ఏడాదికి ముందటి పండగలో పల్లకీ వల్ల రైలు ఆరు నిమిషాలు ఆలస్యమైంది. పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మా స్టేషన్ మాస్టారు నుకాగా గారు మెత్తని మనిషి. కోప్పడటం చేతకాదు, నసుగుతారు.

"తమెనో గారూ, ఈసారి గంట కాస్త చురుగ్గా కొడితే బాగుంటుందేమో. ఆ ఉత్తరం ఇంకా నా సొరుగులోనే ఉందండీ."

"కొడతాను మాస్టారూ. ఆ ముసలాయన చెయ్యి చురుగ్గా కదలాలిగా," అన్నాను నేను. తప్పు ఎదుటివాడి మీదికి తోయడానికి నాకెప్పుడూ ఆలస్యం కాదు.

ఆ ఏడు నా మొగుడు హెయిసాకు పల్లకీ మోసేవాళ్ళలో చేరాడు. నలభై రెండో ఏడు మగవాడికి గండం. ముందేడు, వెనకేడు కలిపితే మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ దేవుడి బరువు భుజం మీద మోస్తే గండం అరిగిపోతుందని మావాళ్ళ నమ్మకం. మా మామ అప్పట్లో నడుంనొప్పని వంక పెట్టి ఎగ్గొట్టాడు. నలభై రెండో ఏట, బొగ్గుబట్టీ కోసం కొట్టిన చెట్టు ఆయన మీదే పడింది. అప్పటికి హెయిసాకుకి తొమ్మిదేళ్ళు. ఆ చెట్టు కింద నుంచి తండ్రి చెయ్యి మాత్రం కనపడటం చూశాడు. అందుకే నలభై ఒకటి రాగానే ఎవరూ పిలవకుండానే వెళ్ళి పేరిచ్చాడు.

పండగ రోజు పొద్దున్న ఎర్రగింజల అన్నం తింటూ ఒకటే హడావిడి.

"ఏమేవ్, నా తలకట్టు ఏది?"

"నెత్తి మీదే ఉంది, తడుముకో."

తడుముకున్నాడు. నవ్వాడు. "ఇదిగో చూడు, పట్టాల మీద మమ్మల్ని తొందరపెట్టకు. ఆయన కదలాలనుకున్నప్పుడే కదులుతాడు. నీ దేవుడంటావా, గడియారం. దానికి మొక్కుకో."

"గడియారం చూస్తాను కాబట్టే పన్నెండేళ్ళుగా ఈ ఊళ్ళోవాళ్ళ కాళ్ళు ఎవరివి వాళ్ళకున్నాయి. నువ్వు బరువు చూసుకుని మొయ్యి. పక్కవాడి మీద వాలకు."

"నీ నోరు మొయ్యడం కంటేనా," అంటూ వెళ్ళిపోయాడు.

రాత్రి వాన పడి వెలిసింది. దేవదారు చెట్ల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. రెండూ నలభైకి రైలు. రెండున్నర దాటాక డప్పులు దగ్గరయ్యాయి. నేను గేట్లు దారి వైపు తెరిచి, పట్టాల పక్కన నిలబడ్డాను. పైన కేబిన్ తెర దిగి ఉంది. ఇరవై నలుగురు మగవాళ్ళు "వాష్షోయ్! వాష్షోయ్!" అంటూ పల్లకీని ఊపుకుంటూ పట్టాల మీదికొచ్చారు. ఎడమ వైపు ముందు కొయ్య కింద హెయిసాకు కనిపించాడు. ముఖం కందిపోయి ఉంది. నన్ను చూడలేదు. దాటారు. వాళ్ళ వెనక జనం వరదలా పొర్లి దారంతా నింపేశారు. నాకిక వీపులు తప్ప ఏమీ కనపడలేదు. పల్లకీ పైకప్పు మీది బంగారు పిట్ట మాత్రం గుడి మెట్ల ముందున్న ఎర్ర దూలాల తోరణం వైపు పోతూ చిన్నదవుతోంది.

గడియారం రెండూ ముప్పై ఆరు. ప్లాట్‌ఫారం మీద నుకాగా గారు నా వైపే చూస్తున్నారు. నేను ఆ వీపుల వైపు వేలు చాచి "దారి ఖాళీ!" అని అరిచాను. వేలు చూపించింది, నోరు చెప్పింది, కన్ను మాత్రం చూడలేదు. తీగ లాగాను.

లాగిన మరుక్షణం దూరంగా సిగ్నల్ రెక్క టక్కున వాలింది. ఎన్నడూ లేనిది, ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ముసలాయనకి ఈ ఏడు ప్రాణం లేచొచ్చిందే అనుకున్నాను. నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అప్పుడు తోరణం దగ్గర ఏదో పెళపెళమంది. రాత్రి వానకి నాని వదులైన జెండా స్తంభం ఒకటి వాలిపోయి దారికి అడ్డంగా పడింది. ఎవరికీ తగల్లేదు. కానీ ముందుకి దారి లేదు. దేవుణ్ణి నేల మీద దించకూడదు, ఊరికే నిలబెట్టనూ కూడదు. అడ్డం తీసేదాకా ఊపుతూ వెనక్కీ ముందుకీ నడవాల్సిందే. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు కనిపించింది ఒక్కటే. చిన్నదవ్వాల్సిన బంగారు పిట్ట పెద్దదవుతోంది.

జనం వెనక్కి తోసుకుంటూ గేటులోకి వచ్చారు. వాళ్ళ వెనకే పల్లకీ వచ్చి సరిగ్గా పట్టాల మధ్యకి చేరి ఊగసాగింది.

తీగని పిచ్చిదానిలా లాగాను. పది సార్లో, ఇరవై సార్లో. గొన్రోకు బాబాయ్ లివరు వెనక్కి తోశాడు, రెక్క పైకి లేచింది. కానీ అప్పటికే సొరంగం దాటి ఇంజను కూత వినిపించింది. కూత రెక్కకి ఇవతల వైపు నుంచి వచ్చింది. రైలు రెక్క దాటేసింది. ఇక రెక్క లేచినా పడినా ఒకటే.

ఎర్ర జెండా తీసి ఊపాను. ఎక్కడ చూసినా ఎర్రగుడ్డలే, ఎర్ర లాంతర్లే. నా జెండా వాటిలో ఒకటైంది. "రైలు! రైలొస్తోంది! హెయిసాకూ!" అని గొంతు చీలేలా అరిచాను. డప్పుల్లో నా గొంతు నాకే వినపడలేదు. వెనక కొయ్య మోస్తున్న ఒకడు నన్ను చూసి, నేను జెండా పట్టుకుని ఆడుతున్నాననుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు భయమంటే ఏమిటో తెలిసింది. పదడుగుల దూరంలో మనిషి చచ్చిపోబోతున్నాడు, వాడికి చెప్పే దారి లేదు.

సొరంగం నుంచి గేటు దాకా పట్టాలు వంపు తిరిగి ఉంటాయి. వంపు లోపల దేవదారు చెట్లు. డ్రైవరుకి చెట్ల మీదుగా కనపడేది నడక వంతెన ఒక్కటే. ఆ వంతెన గేటుకి పక్కనే ఉంది, అంటే పల్లకీకి నెత్తిన. పండగ రోజు దాని మీద పిట్ట కూడా వాలదని ఈ లైనులో నడిచే ప్రతి డ్రైవరుకీ తెలుసు. అక్కడ మనిషి నిలబడితే ఆగుతాడు.

వంతెన మెట్ల దగ్గర గడ్డితాడు పట్టుకుని నిలబడ్డాను. పైకెక్కితే దేవుడి నెత్తి మీద నిలబడినట్టు. అదీ ఆడదాన్ని. అదీ మొగుడు గండంలో ఉండి అదే పల్లకీ కింద ఉన్నప్పుడు. మా మామ చెయ్యి, చెట్టు కింది చెయ్యి, నేను ఎప్పుడూ చూడని ఆ చెయ్యి నా కళ్ళముందు కనిపించింది. ఎక్కకపోతే ఇప్పుడే పోతాడు. ఎక్కితే ఎప్పుడు పోతాడో తెలియదు. తాడు కిందనుంచి దూరి ఎక్కాను.

పైన నిలబడి రెండు చేతులతో జెండా ఊపాను. కిందికి చూడకూడదనుకున్నాను. చూశాను. పల్లకీ పైకప్పు నల్లగా నిగనిగలాడుతోంది, మధ్యలో బంగారు పిట్ట, దాని వీపు మీద వాన చుక్కలు. చుట్టూ తలలు. అన్నిటికీ ఒకే రకం తెల్లగుడ్డ. వాటిలో నా మొగుడి తల ఏదో నాకు తెలియలేదు. పదిహేడేళ్ళు కాపురం చేసిన మనిషి తల పైనుంచి గుర్తుపట్టలేకపోయాను. వెతుకుతూనే ఉన్నాను, ఊపుతూనే ఉన్నాను. వంపు తిరిగి ఇంజను వచ్చింది. చక్రాలు కీచుమన్నాయి. ఇనుము మీద ఇనుము రాసుకునే ఆ చప్పుడు నా పళ్ళలోకి దిగింది.

రైలు పల్లకీకి తొమ్మిది స్లీపరు దిమ్మెల దూరంలో ఆగింది. ఆవిరి వచ్చి బంగారు పిట్టని కమ్మేసింది. డప్పులు ఆగిపోయాయి. ఆవిరి విడిపోయాక చూస్తే, రైలుని ఎవరూ చూడటం లేదు. అందరూ తలెత్తి నన్నే చూస్తున్నారు.

"ఆడది! దేవుడి నెత్తి మీద!" అని ఎవరో అన్నారు. పూజారి ముఖం దించుకున్నాడు. ఎత్తిన ముఖాల్లో అప్పుడు హెయిసాకుది దొరికింది. సున్నం కొట్టినట్టుంది.

స్తంభం లాగేశారు. పల్లకీ ఒక్క కేక కూడా లేకుండా గుడికి వెళ్ళింది.

కేబిన్ కింది మెట్టు మీద గొన్రోకు బాబాయ్ కూర్చుని ఉన్నాడు. చేతులు రెండూ మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు.

"నేను చూడలేదే అమ్మాయ్. ఈ ఏడే చూడలేదు."

"ఎప్పుడు చూశావు గనక బాబాయ్? తెర దించుతావుగా."

"దించుతా. వేలెడు సందు వదిలేవాణ్ణి. ముప్పై ఏళ్ళూ ఆ సందులోంచి చూసే లివరు లాగా. నువ్వు గంట కొడతావు, నేను చూస్తా, నిజంగా పోయాడనుకున్నాక లాగుతా. వసంతంలో మీ పిన్ని ఒషిగె మంచాన పడింది. డాక్టరుకే అర్థం కాలేదు. నాకర్థమైంది. నా కళ్ళు చేసిన పాపం దాని ఒంట్లోకి పోయింది. ఇక ఈ జన్మలో పైనుంచి చూడనని మొక్కుకున్నా. ఇవాళ గోడ వైపు తిరిగి కూచున్నా. నీ గంట వినపడగానే లాగా."

 ఆయన ఎదుట నిలబడి అడిగాను. "ఇన్నేళ్ళలో నేను ముందే కొట్టింది ఎన్నిసార్లు?"

ఆయన చెప్పకూడదనుకున్నాడు. నేను కదల్లేదు.

"ఐదు. ఒకసారి నా కళ్ళముందే పల్లకీ తోక పట్టాల మీదుండగానే."

కోడిపిల్ల కూడా చావలేదన్న నా గొప్పంతా ఆ వేలెడు సందులోంచి వచ్చిందన్నమాట.

సాయంత్రం హెయిసాకు ఇంటికొచ్చి గుమ్మంలో మైల పోవాలని నా మీద ఉప్పు చల్లాడు. తన మీదా చల్లుకున్నాడు.  తర్వాత గిన్నె నా ముందు పెట్టి, అందులో సాకే సారా పోశాడు. పెళ్ళయ్యాక ముందు నాకు పోయడం అదే మొదలు.

"ఏం చూశావే పైనుంచి?" గొంతు సన్నగా ఉంది. అతనికి భయంగా ఉందని నాకు తెలిసింది.

"నీ తల కోసం వెతికా. దొరకలేదు."

అతను గిన్నె వైపే చూస్తూ కూర్చున్నాడు. "వచ్చే ఏడు అసలు గండం," అని మాత్రం అన్నాడు.

ఆ ఏడాదంతా నేను ఎలా బతికానో ఎవరికీ చెప్పలేదు. వడగళ్ళు పడితే నా వల్లే. పక్కింటి ఆవు ఈసుకుపోయి దూడ దక్కకపోతే నా వల్లే. కొందరు పైకే అన్నారు, మిగిలినవాళ్ళు అనకుండా నా గేటు దాటేటప్పుడు అడుగు వేగం పెంచారు. హెయిసాకు బొగ్గుబట్టీ నుంచి అరగంట ఆలస్యమైతే కొండ దారి దాకా పరుగెత్తేదాన్ని. అతను బుట్ట వీపు మీద వేసుకుని తాపీగా దిగుతూ, "ఏంటే, ఇంకా ఉన్నానా?" అని ఎగతాళి చేసేవాడు. నేను నవ్వేదాన్ని కాదు.

చలికాలంలో ఒకరోజు ఒషిగె పిన్ని తన కాళ్ళ మీద తను నడుచుకుంటూ నా గేటు దగ్గరకొచ్చింది. ఎండబెట్టిన పెర్సిమన్ పళ్ళు తెచ్చింది. బుగ్గలు నిండాయి. "మీ బాబాయ్ మొక్కు ఫలించిందే," అంది. పళ్ళు తీసుకున్నాను, సంతోషంగా ఉందన్నాను.  మొక్కు ఫలించింది. ఇక ఆ ముసలాయన చచ్చినా ఆ సందులోంచి చూడడు.

పండగకి మూడు రోజుల ముందు కేబిన్ ఎక్కి, ఈసారి సందులోంచి చూడమని అడిగాను.

"చూడనే. నన్నడక్కు. దాన్ని మళ్ళీ మంచాన వెయ్యలేను," అన్నాడు.

"నువ్వు గోడ వైపే తిరుగు. నేను చూస్తా."

"నీకేమన్నా మతిపోయిందా? హెయిసాకు అసలు గండంలో ఉన్నాడు!"

"అందుకే బాబాయ్. నేను కింద నిలబడితే వీపులే కనపడతాయి. ఆ పాపమేదో ఒకసారి మొయ్యనే మోశాను, రెండోసారి కొత్తేముంది."

ఆయన గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నుకాగా గారికి, పండగ పూట గేటు దగ్గర మీరుండాలండీ అని మాత్రం చెప్పాను. ఆయన చాలాసేపు సొరుగు వైపు చూశారు.

"మీరెక్కడికి వెళ్తున్నారో నేనడగలేదు తమెనో గారూ," అన్నారు. వెళ్ళబోతుంటే వెనక నుంచి, "మెట్లు తడిగా ఉంటాయి, జాగ్రత్త," అన్నారు.

పండగ రోజు పొద్దున్న హెయిసాకు తలకట్టు ఏదని అడగలేదు. నేను లేచేసరికే వెళ్ళిపోయాడు.

రెండున్నరకి తెర దించాను. వేలెడు సందు వదిలాను. నా వెనక గొన్రోకు బాబాయ్ గోడకి ముఖం పెట్టి, వెనక్కి చాచిన చెయ్యి లివరు మీద ఉంచి కూర్చున్నాడు. కేబిన్‌లో ఆయన ఊపిరి వినపడుతోంది. సందుకి కన్ను ఆనించాను.  కన్ను పోతుందేమో, ఇంటికెళ్ళేసరికి ఎవరో ఎదురొచ్చి ఏదో చెబుతారేమో అనుకుంటూనే చూశాను.

పల్లకీ పట్టాల మీదికొచ్చింది. నల్లటి పైకప్పు, బంగారు పిట్ట, చుట్టూ ఇరవై నాలుగు తలలు. ఇరవై మూడు తలలకి తెల్లగుడ్డలు. ఎడమ వైపు ముందు కొయ్య కింద ఒక తలకి మాత్రం నీలి గుడ్డ.

ఆ నీలం నాకు తెలుసు. మోకాలి దగ్గర చిరిగితే పక్కన పడేసిన నా డ్యూటీ పంట్లాం అది. దాన్ని చింపి తలకి కట్టుకున్నాడు. ఎవరు చెప్పారో, ఎప్పటి నుంచి తెలుసో, నన్నొక్క మాట అడగలేదు, ఆపలేదు. నాకు దొరకాలని కట్టుకున్నాడు.

కింద నుకాగా గారు తీగ లాగారు, గంట మోగింది. గొన్రోకు చెయ్యి బిగుసుకుంది.

"ఆగు బాబాయ్."

"పోలేదా?"

"ఇంకా లేదు."

నీలి గుడ్డ కదిలింది. పట్టాలు దాటింది. జనంలో ఊగింది, ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. ఎర్ర తోరణం కిందనుంచి దూరి, మొదటి రాతిమెట్టు ఎక్కి, రెండోది ఎక్కి, చెట్ల వెనక్కి పోయింది. అప్పుడు నేను కంటితో చూసి, దేవుడు పోయిన వైపు వేలు చాచి, నోటితో చెప్పాను.

"దారి ఖాళీ!"

లివరు పడింది. రైలు రెండూ నలభై నాలుగుకి, నాలుగు నిమిషాలు ఆలస్యంగా, నెమ్మదిగా లోపలికొచ్చింది.

మూడో ఏడు కూడా అలాగే చూశాను. హెయిసాకు గండం గడిచింది. ఇప్పుడతనికి డెబ్బై దాటాయి, గుండులా బట్టతల, ఎంత ఎత్తు నుంచైనా గుర్తుపడతాను. నా గండం మాత్రం ఎప్పుడు మొదలవుతుందోనని ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.